పెరట్లో ర్యాటిల్ స్నేక్ కనిపించింది, ఇల్లు మారిపోవాలా?

ప్రశ్న: మేము ఫీనిక్స్ ఉత్తర శివార్లలో, ఎడారిని ఆనుకుని ఉన్న కొత్త కమ్యూనిటీలో ఇల్లు కొనుక్కున్నాం. మే నెలలో మా అత్తయ్యగారు, మామయ్యగారు బాపట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చారు. పోయిన వారం చీకటిపడే వేళ అత్తయ్యగారు కరివేపాకు కోయడానికి పెరట్లోకి వెళ్తే కుండీల వెనక నుంచి సుయ్‌మని చప్పుడు వచ్చింది. స్ప్రింక్లర్ లీకవుతోందేమో అనుకుని వంగి చూడబోయారు. మావారు చూసి గట్టిగా అరిచారు. అక్కడ చుట్ట చుట్టుకుని ర్యాటిల్ స్నేక్ ఉంది, తోక చివర గిలక ఉండే విషపాము. మామయ్యగారు గరాజ్‌లోంచి పార తెచ్చారు కానీ మావారు ఆయన్ని ఆపేశారు. పక్కింటివాళ్ళు ఫోన్ చేస్తే ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళొచ్చి పొడవాటి పట్టకారుతో పట్టి బకెట్‌లో వేసుకుని వెళ్ళారు. అప్పటినుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ఒకటి వచ్చిందంటే జంటది కూడా వస్తుందనీ, పట్టించినందుకు పగబడుతుందనీ అత్తయ్యగారి భయం. టికెట్ ముందుకు జరపమంటున్నారు. చంపనివ్వలేదని మామయ్యగారు అలిగారు. టెక్సస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా తమ్ముడు "ఇక్కడ అలాంటివేం ఉండవు, వచ్చేయండి" అంటున్నాడు, మావారికి అక్కడ ఉద్యోగం ఆఫర్ కూడా ఉంది. ఏడేళ్ళ మా బాబు మాత్రం "గిలకలో ఎన్ని ఉంగరాలుంటే పాముకి అన్నేళ్ళా?" అని రోజూ అడుగుతున్నాడు. దాని ఒళ్ళు బూడిద, గోధుమ రంగులు కలిసి ఉంది, వీపు మీద డైమండ్ ఆకారపు మచ్చలు, తోక చివర నలుపు తెలుపు పట్టీలు. అది ఏ రకం? కాటేస్తే ఏం చేయాలి? ఇల్లు మారడమే మంచిదా?
ఒక కోడలు, అరిజోనా

సమాధానం: ఇల్లు మారక్కర్లేదు. టికెట్ కూడా జరపక్కర్లేదు. మీ ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారు, పాము కూడా ప్రాణాలతో బయటపడింది. ఆ రోజు మీవారు చేసింది నూటికి నూరు శాతం సరైన పని.

మామయ్యగారి అలక గురించి ముందు చెప్తాను, ఎందుకంటే ఆయన కోపానికి కారణం ఉంది. ఆయన పెరిగిన ఊళ్ళో కోతల్లో రక్తపింజర తగిలేది, వానాకాలం రాత్రి కట్లపాము పక్కలోకి దూరేది. ఫోన్ చేస్తే వచ్చి పట్టుకెళ్ళేవాళ్ళు లేరు, ఆస్పత్రి దూరం. కర్ర తీసుకోవడం తప్ప వేరే దారి లేని జీవితం అది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అమెరికాలో ఏడాదికి ఏడెనిమిది వేల మందిని విషసర్పాలు కాటేస్తాయి, చనిపోయేది సుమారు అయిదుగురు. ఇక్కడి పాములు మెత్తనివని కాదు. గంటలోపే మందు దొరుకుతుంది కాబట్టి. ఈ తేడాని మామయ్యగారికి మర్యాదగా చెప్పండి, "మీకేం తెలీదు" అన్నట్టు కాకుండా.

పార విషయంలో మాత్రం ఆయనతో గట్టిగానే మాట్లాడండి. ర్యాటిల్ స్నేక్ తన ఒంటి పొడవులో మూడో వంతు నుంచి సగం దాకా దూరాన్ని రెప్పపాటులో అందుకోగలదు. అది పారిపోయే దారి వెతుక్కుంటున్నప్పుడు మనమే దగ్గరకు వెళ్ళి పొడవడం, కాటుని చేజేతులా పిలవడమే. ఇక్కడ కాటు తిన్నవాళ్ళలో పాముని పట్టబోయినవాళ్ళూ చంపబోయినవాళ్ళూ తక్కువేం కాదు. ఇంకో సంగతి, తల తెగిపోయాక కూడా ఆ తల చాలాసేపటి దాకా కాటేయగలదు. 2018లో టెక్సస్‌లో ఒకాయన తన పెరట్లో ర్యాటిల్ స్నేక్ తల నరికి, దాన్ని తీసి పారేయబోయి కాటు తిన్నాడు. ఆయన్ని బతికించడానికి 26 వయల్స్ (చిన్న సీసాల) విరుగుడు మందు ఎక్కించాల్సి వచ్చింది.

ఇక కాటు సంగతి. అదే మీకు నిద్ర లేకుండా చేస్తోందని అర్థమైంది.

ఎవరికైనా కాటు పడితే మొదట పాముకి దూరంగా జరగాలి, వెంటనే 911కి ఫోన్ చేయాలి. అంబులెన్స్ వచ్చేలోపు మనిషిని కూర్చోబెట్టి, ఉంగరాలు, వాచీ, గాజులు తీసేయండి. కాటు కాలి మీదైతే పట్టీలు, మెట్టెలు కూడా. అత్తయ్యగారు మెట్టెలు తీయడానికి ఒప్పుకోకపోవచ్చు, అందుకే ఈ మాట ఇప్పుడే చెప్పి ఉంచండి. వాపు నిమిషాల్లో పెరుగుతుంది, ఆ లోహం చర్మంలోకి దిగిపోయి రక్తప్రసరణని ఆపేస్తుంది. చెయ్యో కాలో గుండె ఎత్తుకి సమానంగా, కదలకుండా ఉంచండి. వాపు ఎక్కడిదాకా వచ్చిందో పెన్నుతో గీత గీసి పక్కన టైమ్ రాయండి. డాక్టర్లకి ఆ గీత ఎంతో ఉపయోగపడుతుంది.

మన అలవాట్లలో మానుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తాడుతో గానీ గుడ్డతో గానీ బిగించి కట్టొద్దు. ఈ పాము విషం కండని పాడుచేస్తుంది, దాన్ని ఒకేచోట బంధిస్తే ఆ చోటు ఇంకా చెడుతుంది. బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు, ఐస్ పెట్టొద్దు. పసరు, పసుపు, సున్నం ఏదీ రాయొద్దు. నొప్పి కదా అని ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి వేయొద్దు, రక్తం గడ్డకట్టడం ముందే దెబ్బతిని ఉంటుంది. కాటు తిన్న మనిషిని కారు నడపనివ్వొద్దు. సుమారు నాలుగు కాట్లలో ఒకదాంట్లో విషం దిగదు. కానీ అది మీరు ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. ఆస్పత్రిలో గంటల తరబడి గమనించి, రక్తపరీక్షలు చేసి తేలుస్తారు. సలహా కోసం పాయిజన్ కంట్రోల్ వాళ్ళ 1-800-222-1222 నంబరు రాత్రీపగలూ పనిచేస్తుంది. ఇంట్లో అందరి ఫోన్లలోనూ పెట్టండి, అత్తయ్యగారి ఫోన్‌లో కూడా.

ఆస్పత్రిలో ఇచ్చే విరుగుడు మందు గురించి మన పెద్దవాళ్ళకి ఒక అపోహ ఉంటుంది. ఇండియాలో దొరికే పాముకాటు ఇంజెక్షన్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, పొలుసులు రాసుకుంటూ చప్పుడు చేసే చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికి తయారుచేసింది. ర్యాటిల్ స్నేక్ విషానికి దాని మీద ఆధారపడలేం. ఇక్కడ వాడేవి రెండు. 2000లో అనుమతి వచ్చిన క్రోఫాబ్, 2015లో అనుమతి వచ్చిన అనావిప్. మొదటిది గొర్రెల నుంచి, రెండోది గుర్రాల నుంచి తయారవుతుంది. అమెరికాలో ఉన్న ర్యాటిల్ స్నేక్స్ అన్నిటికీ ఇవే వాడతారు. అంటే కాటేసింది ఏ రకమో మీరు చెప్పకపోయినా చికిత్స ఆగదు. రకం తెలుసుకోవాలని పాము వెంట పడటం, దాన్ని సంచిలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళడం పూర్తిగా అనవసరం. దీన్ని మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

డబ్బు విషయం కూడా ఇక్కడే అడగాలి. ఈ మందు ఒక్కో వయల్ ఖరీదు వేల డాలర్లలో ఉంటుంది, ఒక మనిషికి చాలా వయల్స్ పట్టొచ్చు. లక్ష డాలర్లు దాటిన బిల్లులు వార్తల్లోకి ఎక్కాయి. మీ అత్తమామలకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ ఏ రకం? ఒక్కో చికిత్సకి ఇంత అని పరిమితి పెట్టే చవక ప్లాన్ అయితే ఇలాంటి ఖర్చులో అది చిన్న ముక్క కూడా భరించదు. ఈ వారమే పాలసీ తెరిచి చదవండి, అర్థం కాకపోతే ఫోన్ చేసి "పాముకాటుకి ఎమర్జెన్సీలో చేరితే ఎంతవరకు కడతారు?" అని నేరుగా అడగండి. ఫ్రిస్కో వెళ్ళినా ఉపయోగపడే సలహా ఇది.

మీ ఇంటికి వచ్చిన పాము ఏ రకమో ఇప్పుడు చూద్దాం. వీపు మీద డైమండ్ మచ్చలు, తోక మీద నలుపు తెలుపు పట్టీలు రెండూ ఇంచుమించు సమానమైన వెడల్పులో ఉంటే అది వెస్టర్న్ డైమండ్‌బ్యాక్. ఫీనిక్స్ చుట్టుపక్కల ఇళ్ళ దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే. మామూలుగా మూడు నాలుగు అడుగులుంటుంది. మనుషుల ఇళ్ళు పెరిగినా ఊరు వదిలి వెళ్ళని పాము. బెదిరితే చుట్ట చుట్టుకుని తల పైకెత్తి గట్టిగా గిలక కొడుతుంది. చూడటానికి చాలా కోపిష్టిలా ఉంటుంది, కానీ అది చేస్తున్నది "దగ్గరకు రావొద్దు" అని చెప్పడమే. మీ అత్తయ్యగారు వంగినా అది కాటేయలేదన్న సంగతి మర్చిపోకండి.

ఇదే ప్రాంతంలో దాన్ని పోలిన ఇంకో పాము ఉంది, మొహావీ ర్యాటిల్ స్నేక్. దానికి కూడా వీపు మీద మచ్చలుంటాయి, తోక మీద పట్టీలుంటాయి. కాకపోతే తెల్ల పట్టీలు నల్లవాటికంటే బాగా వెడల్పు. దూరం నుంచి తీసిన ఫొటోని పెద్దది చేసి చూసుకోవడానికి మాత్రమే ఈ గుర్తు, దగ్గరకెళ్ళి కొలవడానికి కాదు. డైమండ్‌బ్యాక్ కాటుకి వాపు, నొప్పి, రక్తస్రావం ఎక్కువ. మొహావీల్లో చాలా వాటి విషం నరాల మీద పనిచేస్తుంది. ఊపిరి అందకపోవడం, కనురెప్పలు వాలిపోవడం, నీరసం రావొచ్చు, కాటు చోట మాత్రం వాపు తక్కువగా ఉండొచ్చు. విచిత్రం ఏమిటంటే ఫీనిక్స్‌కీ టూసాన్‌కీ మధ్య ఉండే మొహావీల్లో ఆ నరాల విషం ఉండదు, డైమండ్‌బ్యాక్ విషంలాంటిదే ఉంటుంది. ఒకే రకం పాము, కొన్ని మైళ్ళ తేడాలో రెండు విషాలు! అందుకే వాపు రాలేదు కదా అని ఎవరూ ఇంట్లో ఆగిపోకూడదు.

అరిజోనాలో 13 రకాల ర్యాటిల్ స్నేక్స్ ఉన్నాయి. అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఇసుక నేలల్లో సైడ్‌వైండర్ ఉంటుంది, రెండడుగుల చిన్న పాము, కళ్ళ మీద కొమ్ముల్లా లేచిన పొలుసులు. ఒళ్ళంతా పక్కకి విసురుతూ కాలే ఇసుక మీద నడుస్తుంది, అది వెళ్ళిన దారిలో ఇసుక మీద విడివిడి వాలు గీతలు మిగులుతాయి. రాతిగుట్టల్లో స్పెకిల్డ్ ర్యాటిల్ స్నేక్. ఇది ఏ గుట్టలో ఉంటే ఆ రాతి రంగుకి దగ్గరగా ఉంటుంది. తెల్లరాళ్ళ దగ్గర తెల్లగా, ఎర్రరాళ్ళ దగ్గర ఎర్రటి ఛాయలో. ట్రెయిల్ పక్కన రాతి మీద చెయ్యి పెట్టేముందు చూడాలని చెప్పేది ఇందుకే. టైగర్ ర్యాటిల్ స్నేక్‌కి ఒంటితో పోలిస్తే తల చిన్నది, గిలక పెద్దది. విషం చాలా తీవ్రమైనది, కానీ ఒక కాటులో వదిలే మోతాదు తక్కువ. కొండల్లో ఉండే బ్లాక్‌టెయిల్ తోక నల్లగా ఉంటుంది, మిగతావాటికంటే నెమ్మదస్తురాలు.

నాకు వీటన్నిటిలో ఇష్టమైనది ప్రెస్కాట్, పేసన్ వైపు ఎత్తైన ప్రాంతాల్లో ఉండే అరిజోనా బ్లాక్. ర్యాటిల్ స్నేక్స్ గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. ఈ రకంలో గర్భంతో ఉన్న ఆడపాములు ఒకే రాళ్ళ సందులో కలిసి ఉంటాయి, పిల్లలు పుట్టాక మొదటి కుబుసం విడిచేదాకా, అంటే వారం పది రోజుల పైన, వాటి దగ్గరే ఉండి కాపలా కాస్తాయి. పాముకి మమకారం ఉండదని మనం ఎంత తేలిగ్గా అనేస్తాం! దక్షిణాన సరిహద్దు కొండల్లో ఉండే రిడ్జ్‌నోజ్డ్ ర్యాటిల్ స్నేక్‌ని 1986లో ఈ రాష్ట్ర అధికారిక సరీసృపంగా ప్రకటించారు. దాన్ని పట్టుకోవడం, చంపడం చట్టరీత్యా నిషేధం.

ఈ జాతి మొత్తం అమెరికా ఖండాలదే. కెనడా దక్షిణం నుంచి అర్జెంటీనా దాకా మూడు డజన్లకు పైగా రకాలు. మన దేశంలో గిలక ఉన్న పాము ఒక్కటీ లేదు. కానీ కంటికీ ముక్కుకీ మధ్య గుంటతో, వెచ్చటి ఎరని చీకట్లో పసిగట్టే పాములు మన తూర్పు కనుమల్లో కూడా ఉన్నాయి. వెదురు పొదల్లో ఆకుపచ్చగా కనిపించే పింజర అలాంటిదే. వీటికి అది దూరపు చుట్టం.

మీ తమ్ముడి మాట సరైంది కాదు. డాలస్ చుట్టుపక్కల కూడా వెస్టర్న్ డైమండ్‌బ్యాక్ ఉంది, వాగుల పక్కన చెట్లున్న చోట టింబర్ ర్యాటిల్ స్నేక్ ఉంది. వీటికంటే ముఖ్యంగా ఎండుటాకుల్లో కలిసిపోయే కాపర్‌హెడ్ ఉంది. దానికి గిలకే ఉండదు, ముందు హెచ్చరించదు. కాటు ర్యాటిల్ స్నేక్ అంత ప్రమాదకరం కాదు, కానీ నొప్పికీ ఆస్పత్రి బిల్లుకీ లోటుండదు. ఉద్యోగం నచ్చితే ఫ్రిస్కో వెళ్ళండి, పాముల కోసమైతే వద్దు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే మిగతా చోట్ల సంగతి కూడా చెప్పేస్తాను, ఇలాంటి ఉత్తరాలు అక్కడి నుంచీ వస్తుంటాయి. బే ఏరియాలో ఉన్నది నార్తర్న్ పసిఫిక్ ర్యాటిల్ స్నేక్ ఒక్కటే, ఫ్రీమాంట్ కొండల మీద వసంతంలో నడిచేవాళ్ళు దారి చూసుకోవాలి. సియాటిల్ వైపు, అంటే కాస్కేడ్ కొండలకి పడమర, ఏవీ లేవు, తూర్పున ఉన్నాయి. న్యూజెర్సీలో టింబర్ ఒక్కటే, అదీ వాయవ్య కొండల్లో, పైన్ బారెన్స్ అడవుల్లో. ఎడిసన్‌లో ఇంటి వెనక కనబడుతుందని భయపడక్కర్లేదు. అది అక్కడ అంతరించిపోయే స్థితిలో ఉంది. మిషిగన్‌లో చిత్తడి నేలల్లో ఉండే మసాసాగా అనే చిన్న ర్యాటిల్ స్నేక్ ఒక్కటే, 2016 నుంచి దానికి కేంద్ర ప్రభుత్వ రక్షణ ఉంది. ఫ్లోరిడా, జార్జియాల్లో ఈస్టర్న్ డైమండ్‌బ్యాక్, ఈ జాతిలో అన్నిటికంటే పెద్దది, ఎనిమిది అడుగుల దాకా పెరిగినవి ఉన్నాయి. టెక్సస్ వెళ్తే ఒక్క విన్నపం. స్వీట్‌వాటర్ ఊళ్ళో 1958 నుంచి ప్రతి మార్చిలో ర్యాటిల్ స్నేక్స్‌ని పెద్ద ఎత్తున పట్టి తెచ్చి జనం ముందు చంపి తోలు తీసే జాతర జరుగుతుంది. పిల్లలకి వినోదమని ఎవరైనా పిలిస్తే వెళ్ళొద్దు. పిల్లవాడు అక్కడ నేర్చుకునేది ఏదీ మంచిది కాదు.

మళ్ళీ మీ పెరట్లోకి వద్దాం. పాము మీ మీద ప్రేమతోనో కోపంతోనో రాలేదు. ఎడారి వేసవిలో మీ కరివేపాకు కుండీల దగ్గర నీడ ఉంది, తడి ఉంది, బహుశా ఎలుక కూడా ఉంది. కుండీలని గోడకి ఆనించకుండా, వెనక నేల కనిపించేలా ఎత్తు స్టాండ్ల మీద పెట్టండి. బీరపాదు, గోంగూర మడి ఉంటే కింద ఎండుటాకులు పేరుకోనివ్వొద్దు. రాలిన నిమ్మ, నారింజ కాయలు, పక్షులకి వేసిన గింజలు ఎలుకల్ని పిలుస్తాయి, ఎలుకల కోసం పాము వస్తుంది. కారుతున్న డ్రిప్ పైపు బాగుచేయించండి. గరాజ్ తలుపు కింద రబ్బరు అంచు అరిగిపోయి సందు ఉంటే వెంటనే మార్చండి. సైడ్ గేటు కింద కూడా అంతే. పిల్లపాముకి చాలా సన్నటి సందు చాలు. ఇనుప చువ్వల కంచె ఉంటే దానికి పావు అంగుళం కన్నాల వైర్ మెష్‌ని మూడడుగుల ఎత్తున కట్టించి, అడుగుభాగం నాలుగైదు అంగుళాలు నేలలోకి దించండి. ఈ ఒక్క పని మిగతా అన్నిటికంటే ఎక్కువ ఫలితమిస్తుంది. బజార్లో అమ్మే పాము పొడులు, ఫినాయిల్, వెల్లుల్లి నీళ్ళు, వీటి మీద డబ్బు పెట్టొద్దు.

ఇక మనుషులు. పెరట్లోకి చెప్పుల్లేకుండా వెళ్ళడం మానాలి, చీకటి పడ్డాక టార్చ్ లేకుండా వెళ్ళడం మానాలి. వేసవిలో ఇవి పగలు దాక్కుని సందెవేళ, రాత్రి తిరుగుతాయి. కరివేపాకు పొద్దున బాగా వెలుగొచ్చాక కోసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోమనండి. కంటికి కనిపించని చోట చెయ్యి పెట్టొద్దు, కాలు పెట్టొద్దు. బాబుకి నేర్పాల్సింది ఇదొక్కటే. చప్పుడు వినిపిస్తే పరుగెత్తకుండా ముందు ఆగి, ఎటునుంచో చూసుకుని, వెనక్కి నడిచి పెద్దవాళ్ళని పిలవాలి. మళ్ళీ పాము కనిపిస్తే ఒకరు దూరం నుంచి దాన్ని కనిపెట్టి ఉండాలి, ఇంకొకరు ఫోన్ చేయాలి. అన్ని ఊళ్ళలో ఫైర్ డిపార్ట్‌మెంట్ రాదు, కాబట్టి మీ సిటీ నాన్-ఎమర్జెన్సీ నంబరు కనుక్కుని పెట్టుకోండి. పట్టినవాళ్ళని దగ్గర్లోని ఎడారిలోనే వదలమనండి. చాలా దూరం తీసుకెళ్ళి వదిలితే కొత్త చోట దారీ తెన్నూ తెలియక, దాక్కునే చోటు దొరక్క చాలావరకు చచ్చిపోతాయి. గిలకలేని పాము కనిపిస్తే కంగారు పడొద్దు. ఇక్కడ గోఫర్ స్నేక్ అని ఒకటుంది, మన జెర్రిపోతులాగే విషం లేనిది, ఎలుకల్ని తింటుంది. బెదిరితే తల వెడల్పు చేసి, తోకని ఎండుటాకుల్లో ఆడించి ర్యాటిల్ స్నేక్‌లా నటిస్తుంది, ఆ నటనకే పాపం ప్రాణం పోగొట్టుకుంటుంది. కింగ్ స్నేక్ అయితే ర్యాటిల్ స్నేక్‌నే తింటుంది, ఆ విషం దాన్ని పెద్దగా ఏమీ చేయదు. అది మీ పెరట్లోకి వస్తే అదృష్టమే.

అత్తయ్యగారి భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయొద్దు. ఆవిడ చిన్నప్పటి నుంచీ విన్నది అది. ర్యాటిల్ స్నేక్స్ జంటలుగా కాపురం చేయవు. జతకట్టే రోజుల్లో మగది ఆడదాన్ని వెతుక్కుంటూ వస్తుంది, తర్వాత దేని దారి దానిది. రెండు పాములు పైకి లేచి పెనవేసుకుంటే మనం సయ్యాట అంటాం కదా, ఈ పాముల్లో అది చాలావరకు రెండు మగవాటి బలపరీక్ష. ఓడింది వెళ్ళిపోతుంది. పగ కూడా లేదు, దాన్ని పట్టించిన మనిషిని గుర్తు పెట్టుకుని వెతుక్కుంటూ రాదు. ఇంకో పాము ఎప్పుడైనా రావొచ్చు, అది నిజం. మీ ఇల్లు ఎడారి అంచున ఉంది, నీడా నీళ్ళూ అలాగే ఉన్నాయి. దానికి జవాబు ఆ వైర్ మెష్, ఆ రబ్బరు అంచు.

ఇదే రాష్ట్రంలో హోపీ అనే ఆదివాసీ ప్రజలు ఉన్నారని ఆవిడకి చెప్పండి. వాళ్ళు ఆగస్టులో వాన కోసం చేసే పూజలో ర్యాటిల్ స్నేక్స్‌ని చేతులతో పట్టుకుని, వాన కోరికని మోసుకెళ్ళే దూతలుగా నాలుగు దిక్కులా వదిలిపెడతారు. పాముని దేవుడి మనిషిగా చూసే ఊరు ఇక్కడ కూడా ఉందని తెలిస్తే ఆవిడ మనసు కాస్త కుదుటపడుతుందేమో. నాగుల చవితి నాటికి వాళ్ళు ఇక్కడే ఉంటే పూజ ఇంట్లోనే చేసుకోమనండి. పుట్ట దొరకలేదని ఎడారిలో కన్నాల దగ్గర పాలు పోయడానికి మాత్రం వెళ్ళనివ్వొద్దు. ఆ కన్నాలు ఉడుతలవి, ఎలుకలవి, సరిగ్గా ఆ రోజుల్లోనే ర్యాటిల్ స్నేక్స్ చలికాలానికి అలాంటి చోట్లకి చేరుకుంటూ ఉంటాయి. పాలు అవి తాగవు కూడా.

చివరిగా మీ బాబు ప్రశ్న, అందరిలోకీ సరైన ప్రశ్న వేసింది వాడే. ఉంగరాల లెక్క వయసు కాదు. పుట్టిన పిల్లకి తోక చివర ఒక్క బొడిపె ఉంటుంది, దానికి చప్పుడు రాదు. ఒక్కో కుబుసం విడిచినప్పుడల్లా ఒక ఉంగరం చేరుతుంది, రెండోది చేరాకే చప్పుడు మొదలవుతుంది. కుబుసం ఏడాదికి ఒకటి కంటే ఎక్కువసార్లే విడవొచ్చు, తిండి ఎక్కువ దొరికితే ఇంకా ఎక్కువ. పాత ఉంగరాలు రాళ్ళకి తగిలి విరిగిపోతూ ఉంటాయి. కాబట్టి అయిదు ఉంగరాల పాము పదేళ్ళది కావొచ్చు, రెండేళ్ళది కావొచ్చు. గిలక లోపల గింజలేం ఉండవు, మన గోళ్ళలో ఉండే కెరటిన్‌తోనే ఆ ఉంగరాలు తయారవుతాయి, సెకనుకి 50 సార్లకు పైగా కదిలి ఒకదానికొకటి తగిలి మోగుతాయి. మనిషి దగ్గరవుతున్నకొద్దీ పాము వేగం పెంచుతూ ఒక చోట ఉన్నట్టుండి ఇంకా ఎక్కువ వేగానికి మారుతుందనీ, దాంతో వినేవాళ్ళకి అది ఉన్నదానికంటే దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుందనీ 2021లో పరిశోధకులు చూపించారు. అన్నిసార్లూ గిలక కొట్టదని కూడా వాడికి చెప్పండి. చాలాసార్లు కదలకుండా ఉండి మనం వెళ్ళిపోయేదాకా చూస్తుంది. గిలకే లేని ర్యాటిల్ స్నేక్ కూడా ఒకటుంది, మెక్సికోలో కాలిఫోర్నియా సింధుశాఖలో శాంటా కాటలీనా అనే దీవి మీద. పిల్లపాములు పెద్దవాటికంటే ప్రమాదమని వాడు స్కూల్లో విని ఉంటాడు, అది నిజం కాదు, పెద్ద పాము వదిలే విషమే ఎక్కువ.

టూసాన్‌లో అరిజోనా-సొనోరా డెజర్ట్ మ్యూజియం ఉంది, మీకు రెండు గంటల ప్రయాణం. అక్కడ ఈ పాములు అద్దం వెనక ఉంటాయి. ఒక శనివారం అందరూ వెళ్ళండి, మామయ్యగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. డైమండ్‌బ్యాక్‌నీ మొహావీనీ పక్కపక్కన చూసి తోక పట్టీలని బట్టి ఏది ఏదో చెప్పమని బాబుకీ తాతయ్యకీ పందెం పెట్టండి. చాలావరకు ఆరుబయటే నడవాలి కాబట్టి తెరిచే వేళకే చేరుకుంటే ఎండ ముదరకముందే తిరిగి రావొచ్చు, పెద్దవాళ్ళకి నీళ్ళు, టోపీలు మర్చిపోకండి.